చలనచిత్రములలో గగనయానము

పుష్పకమును రామాయణము వలన మన మెరుగుదుము. దానిని నడుపుటకు యంత్రజ్ఞుడు అక్కరలేదు. తలచిన చోటికి అదియే పోవును. తెలుగు చలనచిత్రమున గగనయానము చాలకాలము ఈ మార్గముననే నడచినది. మన కడప జిల్లావాడైన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలసి నడపిన విజయా సంస్థ 1951లో తీసిన 'పాతాళభైరవి'లో మాంత్రికుడు రాజకుమార్తెను మేడతో సహా ఆకాశమార్గమున గొనిపోవును. 1957 నాటి 'మాయాబజార్'లో నిద్రించుచున్న శశిరేఖ మంచముతో కూడ గాలిలో తేలిపోవును. రెండింటికిని దర్శకుడు పొరుగున నున్న తాడిపత్రివాడైన కె. వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. చూచినవారు ఆ వింతను మరువలేరు. అయినను రెండు చోట్లను స్త్రీని ఇతరులు గొనిపోవుటయే గాని ఆమె తనంతట పోవుట లేదు.

ఫ్రాన్సు దేశము జర్మనుల యేలుబడిలో నుండగా, 1944లో గ్రెమియోన్ అను దర్శకుని చిత్ర మొకటి వెలువడెను. 'ఆకాశము మీదే' యని దాని పేరునకు అర్థము. అందలి నాయకుడు మోటారులు బాగుచేయు మెకానిక్కు. అతని విమానపు పిచ్చిని భార్య తెరేజు మొదట ఈసడించును. ఒకమారు ఎగిరిన పిమ్మట ఆ పిచ్చి ఆమెకే పట్టును. ఖర్చులకై కుమార్తె వాయించుకొను పియానోను సైతము అమ్మివేయుదురు. ఇది గృహస్థులు క్షమింపదగిన పని కాదు. చిత్రమును దానిని దాచలేదు. ఆమె ఒంటరిగా బయలుదేరి జాడ తెలియకపోగా ఊరివారు భర్తను నిందింతురు. తుదకు ఆమె దూరప్రయాణమున క్రొత్త రికార్డు నెలకొల్పి తిరిగివచ్చును. దీనికి మూలము 1938లో అట్టి సాహసమే చేసిన ఆంద్రే దుపేరోను, ఒక మోటారు మరమ్మతుదారుని భార్య.

ఫ్రెంచివారికి విమానము ఇంటి వస్తువు. 1909 జూలై 25న బ్లేరియో ఇంగ్లీషు కాలువను దాటెను. అతని పొరుగున సముద్రతీరమున వేసవులు గడపిన బాలుడే జె. ఆర్. డి. టాటా, 1929లో ఈ దేశమున మొదటి పైలట్ లైసెన్సు నందినవాడు. 1932 అక్టోబరు 15న అతడు కరాచీనుండి బొంబాయికి టపా తెచ్చెను. అహమ్మదాబాదున ఆ విమానమునకు పెట్రోలు ఎద్దులబండిపై వచ్చెనట! బొంబాయినుండి విన్సెంటు దానిని బళ్ళారి మీదుగా చెన్నపట్టణము చేర్చెను. దత్తమండలమునకు విమానము వచ్చినది ఇట్లు, ఉత్తరాల సంచులతో. దానిని విప్పి బిగించు మెకానిక్కు మన పల్లెలలో లేడు గనుక, మన కథకులు మంత్రమునే నమ్ముకొనిరి.

ఇంతలో హైదరాబాదునందలి దక్కన్ ఎయిర్‌వేస్, 1953లో ప్రభుత్వపరము కాకమునుపే, ప్రేమ్ మాథుర్ అను స్త్రీకి విమానము నడుపు ఉద్యోగ మిచ్చెను. శశిరేఖ మంచము అప్పటికింకను తేలియుండలేదు.