ప్రియదర్శిని పెట్టెలో కదిలే బొమ్మ

ఒక ఫొటో తీసుకుని, దాంట్లో ఒక్క ముక్క మాత్రం కదిలేట్టు చెయ్యడం ఇప్పుడు ఫోన్లో రెండు నిమిషాల పని. టీ కప్పు కదలదు, దాని మీద ఆవిరి మాత్రం లేస్తూ ఉంటుంది. గోడమీద టీవీ ఉన్న ఫొటో తీసి, ఆ తెర ఉన్న చోట మనకి కావలసిన వీడియోలోంచి ఒక ముక్క కోసి అతికిస్తాం. 2011లో న్యూయార్క్‌లో ఇద్దరు కళాకారులు ఇలాంటి బొమ్మలకి సినిమాగ్రాఫ్ అని పేరు పెట్టారు. అప్పట్నుంచీ ఇదేదో కంప్యూటర్లు వచ్చాక పుట్టిన విద్య అని మన సాఫ్టువేరు జనాలకి ఒక గట్టి నమ్మకం. మాస్క్, లేయర్, ఆల్ఫా అని నాలుగు ఇంగ్లీషు మాటలు తెలిస్తే చాలు, మనమే కనిపెట్టినంత ధీమా.

ఆ ధీమాని కాస్త తగ్గించుకుందాం. మన తెలుగువాళ్ళు ఈ పని 1957 నాటికే చేసి చూపించారు. చూపించినాయన అనంతపురం జిల్లా తాడిపత్రి మనిషి.

ముందు పద్ధతి గురించి చెప్పుకోవాలి, లేకపోతే గొప్పతనం అర్థం కాదు. ఫిల్ముకి ఒక సుగుణం ఉంది. వెలుతురు పడని చోట అది కన్నె ఫిల్ముగానే ఉండిపోతుంది. కాబట్టి కెమెరా ముందు ఒక నల్ల అట్టముక్క పెట్టి, ఫ్రేములో కొంత భాగం మూసేసి షూట్ చేస్తారు. ఆ తర్వాత అదే ఫిల్ముని వెనక్కి తిప్పి, ఈసారి మొదట తెరిచి ఉన్న భాగాన్ని మూసి, మూసిన భాగాన్ని తెరిచి, ఇంకో దృశ్యం షూట్ చేస్తారు. కడిగాక రెండూ ఒకే బొమ్మలో కనిపిస్తాయి. అట్టలు రెండూ ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కినా, మధ్యలో కాస్త సందు వదిలినా అతుకు దగ్గర నల్లగానో తెల్లగానో గీత పడుతుంది. కెమెరా వెంట్రుకవాసి కదిలినా అంతే. పైగా ఇవన్నీ ల్యాబులో కడిగి చూసేదాకా తెలియవు. అన్‌డూ లేదు. రెండోసారి తప్పు చేస్తే మొదటిసారి తీసిందీ పోతుంది.

ఫ్రాన్స్‌లో జార్జ్ మెలియెస్ అనే ఇంద్రజాలికుడు 1900లోనే ఈ పద్ధతిలో ఒక చిన్న సినిమా తీశాడు. అందులో వరసగా కుర్చీల్లో కూర్చుని వాద్యాలు వాయించే ఏడుగురూ ఆయనే. అమెరికాలో నార్మన్ డాన్ 1907లో ఇంకో దారి పట్టాడు. కాలిఫోర్నియాలో శిథిలమైపోయిన పాత చర్చిల ముందు ఒక అద్దం నిలబెట్టి, కూలిన కప్పుల్ని ఆ అద్దం మీద రంగులతో పూర్తి చేసి, దాని వెనకనున్న అసలు దృశ్యంతో కలిపి తీశాడు. అంటే కదలని బొమ్మ, కదిలే బొమ్మ ఒకే ఫ్రేములో. మన సినిమాగ్రాఫ్‌కి ముత్తాత ఆయనే అనొచ్చు.

సరే, మన సంగతికి వద్దాం.

అనంతపురం అంటే దేశంలో జైసల్మేరు తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లా అని చిన్నప్పుడు అందరం చదువుకున్నాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుసెనగ వేసుకుని ఆకాశం వైపు చూసే నేల. తెరమీద బొమ్మలాడించే విద్య ఈ నేలకి సినిమా కంటే చాలా ముందు నుంచీ ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట (2022లో జిల్లాలు విడదీశాక ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా) తోలుబొమ్మలకి పేరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. తోలుని పల్చగా, వెలుతురు దిగేట్టు తయారుచేసి, రంగులద్ది, నగలున్న చోట సన్నటి చిల్లులు పొడుస్తారు. తెల్లటి తెర వెనక దీపం. అప్పటికి కదలక్కరలేని బొమ్మని తెరకి ముల్లుతో గుచ్చి నిలబెడతారు, మాట్లాడే బొమ్మని మాత్రం చేత్తో ఆడిస్తారు. కొలువు కదలదు, కీచకుడు కదులుతాడు. తెరమీద కదిలేదేదో, కదలనిదేదో తేల్చేది ఒక ముల్లు! వానలు పడకపోతే విరాటపర్వం ఆడించడమో, చదివించడమో తెలుగు పల్లెల్లో పాత ఆనవాయితీ. కాబట్టి ఈ ఆట వాళ్ళకి ఉత్త కాలక్షేపం కాదు. కరువుకి వాళ్ళ దగ్గరున్న మందుల్లో ఇదొకటి.

కె.వి. రెడ్డి గారు, అంటే కదిరి వెంకటరెడ్డి గారు, 1912లో తాడిపత్రిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదివి డిగ్రీ తీసుకున్నారు. ఈ ఫిజిక్స్ ముక్క గుర్తుపెట్టుకోండి. సినిమాల్లోకి ఆయన దర్శకుడిగా రాలేదు, లెక్కలు చూసే మనిషిగా వచ్చారు. ఆయన స్నేహితుడు, తాడిపత్రి వ్యాపారి మూలా నారాయణస్వామి గారు వాహిని సంస్థకి మూలస్తంభం. ఆ పరిచయంతో వచ్చి, భక్త పోతనతో దర్శకుడయ్యారు. తర్వాత యోగి వేమన (1947), గుణసుందరి కథ (1949), పాతాళభైరవి (1951).

ప్రతి సీనునీ ముందుగా చదివించి, స్టాప్‌వాచ్ పెట్టి కొలిచి, ఎన్ని అడుగుల ఫిల్ము అవుతుందో లెక్కేసుకున్నాకే సెట్‌కి వెళ్ళేవారని ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు చెప్పేవారు. నిమిషానికి 90 అడుగులు, సెకనుకి 24 ఫ్రేములు. అప్పట్లో ముడి ఫిల్ము మొత్తం విదేశాల నుంచి రావలసిందే. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ పెట్టిందే 1960లో. పుష్కలంగా దొరకని దాన్ని కొలిచి వాడటం కరువు సీమలో పుట్టినవాడికి ఒకరు నేర్పక్కరలేదు అని నాకనిపిస్తుంది. జిల్లాభిమానం అనుకుంటే అనుకోండి :-)

ఆయనకి దొరికిన కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ. ఆంగ్లో ఇండియన్. పత్రికా ఫొటోగ్రాఫరుగా, న్యూస్‌రీల్ కెమెరామన్‌గా పనిచేసి, 1945లో బి.ఎన్. రెడ్డి గారి స్వర్గసీమతో తెలుగులోకి వచ్చాడు. న్యూస్‌రీల్ మనిషంటే ఉన్న వెలుతుర్లో ఉన్నదాన్ని పట్టుకునేవాడు. అలాంటివాడు మాయలు తియ్యడంలో మొనగాడయ్యాడు.

ఇప్పుడు మాయాబజార్. 1957 మార్చి 27న తెలుగులో వచ్చింది, ఏప్రిల్‌లో తమిళంలో. అందులో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంటుంది. మూత తీసి చూస్తే చూసినవాళ్ళ మనసుకి ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు. బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడు చూస్తే శకుని! ఈ పెట్టెని చూసి లాప్‌టాప్ అనీ, వీడియో కాల్ అనీ మనవాళ్ళు జోకులేస్తుంటారు. జోకు బాగానే ఉంటుంది గానీ, దాని వల్ల అసలు విషయం పక్కకి పోతుంది. ఆ పెట్టెలో ఏం కనిపించింది అన్నది పింగళి గారి ఊహ. ఎలా కనిపించింది అన్నది ఇంజినీరింగ్.

అప్పటికి ఉన్న దారులు మూడు. పైన చెప్పినట్టు కెమెరాలోనే మూసి తెరిచి రెండుసార్లు తియ్యడం, ల్యాబులో ఆప్టికల్ ప్రింటర్ మీద రెండు నెగెటివుల్ని కలపడం, లేదా తెర వెనక నుంచి బొమ్మ ప్రొజెక్ట్ చేసి ముందు నుంచి తియ్యడం. ఏ దారిలో వెళ్ళినా తప్పని చిక్కులు కొన్ని ఉన్నాయి. పెట్టెలో మనిషి పెట్టెకి సరిపడా చిన్నగా ఉండాలి. పెట్టె ఏ కోణంలో ఉందో ఆ కోణానికి నప్పేట్టు తియ్యాలి. శశిరేఖ ముఖం మీద వెలుతురుకీ, లోపలి మనిషి మీద వెలుతురుకీ తగువు రాకూడదు. అతుకు కనపడకూడదు. దీనికి మాత్రం పెట్టె అంచు దేవుడిచ్చిన వరం. గీత పడినా అది పెట్టె చెక్క అనుకుంటారు జనం. ఇప్పటికీ మనం స్క్రీన్ అంచు దగ్గరే కదా అతుకు దాచుకుంటున్నాం!

అన్నిటికన్నా కష్టమైంది టైమింగ్. సావిత్రి ఇక్కడ నవ్వితే నాగేశ్వరరావు అక్కడ బదులివ్వాలి. పైగా వాళ్ళు పెట్టెలోంచి యుగళగీతం పాడుకుంటారు. ఇక్కడే మన సినిమాల్లో పాటకున్న ఒక ఉపయోగం ఎవరూ పట్టించుకోలేదనిపిస్తుంది. పాట ముందే రికార్డయి ఉంటుంది. రెండుసార్లు తీసినా, రెండు వేర్వేరు రోజుల్లో తీసినా, సెట్‌లో వినిపించేది అదే పాట, అదే వేగం. మన భాషలో చెప్పాలంటే పాటే క్లాక్ సిగ్నల్. రెండు షాట్లూ ఆ క్లాక్‌కి సింక్ అవుతాయి. సెకన్లు లెక్కపెట్టే దర్శకుడికి అంతకన్నా ఏం కావాలి?

ఇంకో సంగతి. తమిళ మాయాబజార్‌లో శశిరేఖ సావిత్రే, కానీ అభిమన్యుడు జెమినీ గణేశన్. అంటే పెట్టె అదే, చూసే మనిషి అదే, లోపలి ముక్క వేరు. ఒకసారి కుదిరిన మాయని ఇంకో మనిషితో మళ్ళీ కుదిర్చారన్నమాట. ఒకసారైతే అదృష్టం అనొచ్చు, రెండుసార్లు వచ్చిందంటే అది పద్ధతే.

ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వెళ్ళే సీను, ద్వారకానగరం చిన్న నమూనా ఇళ్ళు, ఇవన్నీ వేరే జాతి మాయలు, వాటి జోలికి పోను. పడవ పాటలో వెన్నెల గురించి మాత్రం ఒక మాట. మద్రాసు దగ్గర ఎన్నూరులో పగటిపూట కొద్ది సెకన్లు తీసి, మిగతాదంతా స్టూడియోలో వెన్నెలగా మార్చారంటారు. వెన్నెలంటే ఏమిటి? ఎండనే నలుపు తెలుపుల్లో సరిగ్గా తగ్గించుకోవడం.

1961లో జగదేకవీరుని కథ. అదే దర్శకుడు, అదే కెమెరామన్. శివశంకరి పాట చివర్లో పాడే ఎన్టీఆరూ, వాద్యాలు వాయించే ఎన్టీఆర్లూ ఒకే ఫ్రేములో కూర్చుంటారు. మెలియెస్ 1900లో చేసింది ఇదే. తేడా ఏమిటంటే మెలియెస్‌ది మూకీ, ఎవరు ఏ తాళంలో వాయించినా అడిగేవాడు లేడు. ఇక్కడ ఘంటసాల గళానికి, ఆ స్వరాలకి, ప్రతి ఎన్టీఆరూ విడివిడిగా తాళం తప్పకుండా కుదరాలి. ఈసారి చూసేటప్పుడు రెండు విషయాలు గమనించండి. ఒకాయన చెయ్యి ఇంకొకాయన హద్దులోకి వస్తోందా? అందరూ కలిసున్నప్పుడు కెమెరా కదులుతోందా? అట్టముక్క ఎక్కడ పెట్టి ఉంటారో మీకే తెలిసిపోతుంది.

ఈ విద్య అక్కడితో ఆగలేదు. మాయాబజార్‌కి కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారు 1990లో మైఖేల్ మదన కామరాజన్‌లో నలుగురు కమల్‌హాసన్లని ఒకచోట చేర్చారు. మరుసటి ఏడాది ఆదిత్య 369. ఇంజినీర్లలో మన సీనియర్ దగ్గర మనం కోడు నేర్చుకున్నట్టే ఇదీ.

మనం వాడే ఆల్ఫా చానల్ 1970ల చివర్లో ఎడ్ కాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ కనిపెట్టారు. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఒక పేపరు రాసి, బొమ్మ మీద బొమ్మ పరచడానికి లెక్కలు తేల్చారు. పై బొమ్మ ఎంత కప్పిందో ఒకటిలోంచి తీసేసి, మిగిలినంత మేరకు కింది బొమ్మని చూపించు, అంతే. 1996లో ఆ నలుగురికీ ఆస్కార్ వాళ్ళు సాంకేతిక పురస్కారం ఇచ్చారు. ఇవ్వాల్సిందే. అట్టముక్కకి ఉంటే ఉంది, లేకపోతే లేదు అని రెండే స్థితులు. ఆల్ఫాకి మధ్యస్థితులు కూడా ఉన్నాయి. వెంట్రుకలు, పొగ, నీడలు దాంతోనే కుదిరాయి. నా బాధ అది కాదు. మనలో చాలామందికి ఆ నలుగురి పేర్లూ తెలుసు, బార్‌ట్లీ పేరు తెలీదు. తెలుగు సినిమా చరిత్ర అంటే ఎవరు హీరో, ఎవరు పాట రాశారు, ఎవరికి ఎవరితో పడలేదు, ఇదే. ఆ షాట్ కోసం కెమెరా ముందు ఏం పెట్టారు, ఫిల్ము ఎంత వెనక్కి తిప్పారు అని అడిగినవాళ్ళు తక్కువ. బార్‌ట్లీ 1993 దాకా బతికే ఉన్నాడు. అప్పటికి మనలో కొందరం కాలేజీల్లో కంప్యూటర్లు నేర్చుకుంటూనే ఉన్నాం.

2010 జనవరిలో హైదరాబాద్ కంపెనీ గోల్డ్‌స్టోన్ మాయాబజార్‌కి రంగులద్ది విడుదల చేసింది. మూడు గంటలంటే 2,59,200 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో చీరకి, నగకి, ముఖానికి విడివిడిగా హద్దులు గియ్యాలి. ఇదీ మాస్కుల పనే. మన ఊరి కుర్రాళ్ళు చేశారు, శభాష్ అనాల్సిందే. కానీ పడవ పాట దగ్గర నాకు మనసొప్పలేదు. బార్‌ట్లీ ఆ వెన్నెలని బూడిదరంగు మెట్లతో కట్టాడు. ఏ మెట్టు ఎంత తెల్లగా ఉండాలో ఆయన లెక్క ఆయనకుంది. దాని మీద నీలం పరిస్తే, అతుకు కనపడదు గానీ ఆయన లెక్క కనపడకుండా పోతుంది. రంగుల కాపీ చూడొద్దనను, పిల్లలకి అదే చూపించండి. నలుపు తెలుపు డిస్కు ఇంట్లో ఉంటే మాత్రం పారెయ్యకండి. పెట్టె మూత తెరిచే షాట్ దగ్గర ఆపి, అంచు చుట్టూ ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ చూడాలంటే అదే కావాలి.

నిమ్మలకుంటలో ఇప్పుడు ఎక్కువగా చేసేది దీపాల గుమ్మటాలు. తోలు అదే, చిల్లులు అవే, వెనక వెలుతురూ ఉంది. బెంగళూరులో మనవాళ్ళ హాళ్ళల్లో చూసే ఉంటారు. హనుమంతుడు చెయ్యెత్తి ఉంటాడు, ఆ చెయ్యి మాత్రం కదలదు.