నడకలోనే పాత్ర - కూచిపూడి వారి స్త్రీవేషాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. ఉద్యోగరీత్యా కృష్ణా జిల్లాలో చాలాకాలం ఉన్నవాణ్ణి కనుక కూచిపూడి భాగవతుల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. డాన్సంటే చేతి ముద్రలు, కాలి అడుగులు అని నేటి పిల్లలు అనుకుంటున్నారు. కూచిపూడి వారిది పుట్టుకతోనే నాటకం. ముందు పాత్ర, దానికి తగిన నడక, నిలకడ, చూపు. ఆ తర్వాతే నాట్యం.

ఇది నిన్నమొన్నటి మాట కాదు. భరతుని నాట్యశాస్త్రంలో నడకల కోసమే ఒక అధ్యాయం ఉంది. దేవతలు, రాజులు వేసే అడుగుకు నాలుగు తాళాల దూరం, మధ్యములకు రెండు, స్త్రీలకు, సామాన్యులకు ఒకటి అని అందులో లెక్క కట్టారు. ఇక్కడ తాళమంటే జానవంటి కొలత. అంటే మనిషి నోరు విప్పకముందే అతడెవరో అడుగే చెప్పాలి.

దీని బలం తెలిపే ఉదంతం మాచుపల్లి కైఫీయతులో ఉంది. సిద్ధవటం సీమను ఏలిన సమ్మెట గురవరాజు పన్నుల కోసం ఆడవాళ్ళను సైతం హింసించేవాడు. కూచిపూడి మేళం వారు అది చూసి, 1502 ప్రాంతంలో విజయనగర ప్రభువు ఎదుట కేళికగా ఆడారు. ఒకరు గురవరాజు వేషం, మరొకరు హింసపడే స్త్రీ వేషం కట్టారట. విషయం గ్రహించిన ప్రభువు సైన్యాన్ని పంపి గురవరాజును పట్టి శిక్షించాడు. జీవితమంతా అర్జీలు, ఫైళ్ళు చూసిన మనకు ఈ అర్జీ విలువ వేరే చెప్పనక్కరలేదు.

సిద్ధేంద్రయోగి భామాకలాపంతో స్త్రీవేషానికి పెద్దపీట పడింది. కూచిపూడి భాగవతుల కుటుంబాలలో పుట్టిన ప్రతి మగవాడూ ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని ఆనవాయితీ. తెర వెనుక నుంచి భామ జడ ముందు బయటపడుతుంది. నాతో పోటీకి వచ్చేవారెవరని ఆ జడే సవాలు చేస్తుంది. మొగం కనిపించకముందే పాత్ర సగం వచ్చేసిందన్నమాట.

వేదాంతం సత్యనారాయణ శర్మ గారి వేషాలు చూసిన పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. నేనూ చూశాను. సత్యభామగా ఆయన మెడ నిలిపిన తీరులోనే గర్వం తెలిసేది. కృష్ణుడు దూరమయ్యాక అదే నడక సడలిపోయేది, అదే జడ బరువయ్యేది. ఉషాపరిణయంలో ఉషగా వస్తే అడుగులో కన్నెపిల్ల బెదురు. మనిషి ఒక్కడే, ఆడవాళ్ళు ఇద్దరు. చీర, నగలు మారినందువల్ల మాత్రమే అది సాధ్యం కాదు. ఆయనకు 1970లో పద్మశ్రీ లభించింది.

కాలం మారింది. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరో ఆడపిల్లలకు విద్య నేర్పారు, నృత్యనాటకాలకు కొత్త రూపమిచ్చారు. మగవారి మేళంలో చోటులేని స్త్రీలు తమ పాత్రలను తామే ధరించడం న్యాయమే, సంతోషమే. నా బెంగ వేరు. తెల్లవార్లూ సాగిన కలాపం నేడు ఎక్కువగా కొద్ది నిమిషాల అంశంగా మిగిలింది. గర్వం విరహంగా కరగడానికి వ్యవధి కావాలి కదా! అది లేనప్పుడు అడుగులు మిగులుతాయి, భామ మిగలదు.

2012 జూలైలో చినసత్యం గారు, నవంబరులో సత్యనారాయణ శర్మ గారు కన్నుమూశారు. ఇటువంటి విద్య పుస్తకంలో సగమే ఉంటుంది. మిగతా సగం చూసి నేర్చుకోవాలి, చూపి నేర్పాలి.

మన మనవరాళ్ళు చాలామంది కూచిపూడి నేర్చుకుంటున్నారు. ఎన్ని అంశాలు వచ్చాయని అడగడంతో సరిపెట్టకండి. సత్యభామ ఎలా కూర్చుంటుంది, అలిగితే ఎలా లేస్తుంది అని అడిగి చేయించి చూడండి. ఆ పూటకు టీవీ కట్టేసినా నష్టం లేదు.