భూకంపము: కనిపెట్టుట, ముందు చెప్పుట



అమరసింహుడు భూమికి చెప్పిన పర్యాయపదములలో అచల, స్థిర అనునవి కలవు. కదలనిదని నమ్మినదే కదలుటచే కాబోలు, భూకంపము మనుష్యుని కలవరపెట్టినంతగా పిడుగైనను వరదయైనను కలవరపెట్టదు. భూమి యదరిన వెంటనే జనులు రెండు ప్రశ్నలు వేయుదురు. ఎక్కడ కంపించినది? మరల నెప్పుడు కంపించును? మొదటి ప్రశ్నకు మనుష్యుడు సమాధానము సాధించెను. రెండవదానికి నేటివరకు సాధింపలేదు. ఈ భేదమును గ్రామమున నలుగురికి మాట చెప్పగల పెద్దలు గ్రహింపవలెనని నా మనవి.

ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంపలక్షణమునకు ఒక యధ్యాయమునే కేటాయించెను. దిగ్గజముల యలసటయని కొందరును, వాయువుల తాకిడియని కొందరును చెప్పిన మతములను అందు పేర్కొని, నక్షత్రములను నాలుగు మండలములుగా విభజించి ఫలములు చెప్పెను. అందు ఫలనిర్ణయము కలదు గాని కొలత లేదు.

అంతకు నాలుగు వందల యేండ్లకు ముందే, 132వ సంవత్సరమున, చీనాదేశమున చాంగ్ హెంగ్ అను విద్వాంసుడు ఒక కంచుపాత్రను నిర్మించెను. దాని చుట్టును ఎనిమిది దిక్కులకు ఎనిమిది నాగముఖములు. ఒక్కొక్క నోట నొక గుండు. క్రింద నోరు తెరచిన కప్పలు. ఒకనాడు ఒక గుండు జారి కప్పనోట పడెను. రాజధానిలో నెవ్వరికిని కంపము తెలియలేదు కాన యందరును శంకించిరి. కొన్ని దినములకు పడమటి సీమనుండి వార్తాహరుడు వచ్చి యచట భూకంపమైనదని చెప్పెనని ఆ దేశచరిత్ర తెలుపుచున్నది.

ఆధునిక కాలమున ఈ విద్యకు పునాది వేసినవారిలో జాన్ మిల్న్ ముఖ్యుడు. ఈ ఆంగ్లేయుడు గనులశాస్త్రము బోధించుటకు జపాను వెళ్లెను. 1880లో యొకొహామా కంపించిన పిమ్మట సహచరులతో గూడి భూకంప పరిశోధన సంఘమును స్థాపించెను. 1895లో స్వదేశమునకు మరలి, వైట్ ద్వీపమున షైడ్ అను చిన్నయూర తన యింటనే యంత్రమును నిలిపెను. 1913లో మరణించువరకు దేశదేశముల లెక్కలు ఆ యింటికే చేరుచుండెను. శ్రద్ధగల గృహస్థుడు ఎంత చేయగలడో అతని జీవితము చూపుచున్నది.

ఆ యంత్రము గుట్టు సులభము. బడిలో పిల్లలకు నేను త్రాటికి రాయి కట్టి చూపెడివాడను. చేతిని చటుక్కున ప్రక్కకు జరిపినచో రాయి క్షణకాలము కదలక నిలుచును. ఆ రాతికి కలమును తగిలించి, క్రింద కాగితము నడపినచో భూమి కదలిక తానే వ్రాయబడును. భూకంపమున ముందుగా వేగముగల తరంగమును, పిదప మందగమనముగల తరంగమును వచ్చును. మెరుపునకును ఉరుమునకును నడుమ కాలమును బట్టి పిడుగుదూర మెంచినట్లే, సమీప భూకంపములకు ఈ రెంటి నడుమ సెకనులను ఎనిమిదిచే గుణించినచో దూరము సుమారుగా కిలోమీటర్లలో వచ్చును. పది సెకనులైన ఎనుబది కిలోమీటర్లు. మూడు చోట్ల లెక్కలు కలిసిన స్థలమే తేలును.

ఇక ముందు చెప్పుట. 1975 ఫిబ్రవరి 4వ తేదీన చీనాలోని హైచెంగ్ ప్రాంతమున పెద్ద భూకంపము వచ్చెను. బావినీటి మార్పులను, చలికాలమున బయటికి వచ్చిన పాములను గ్రామస్థులే గమనించి వ్రాసిపెట్టిరి. అన్నిటిని మించి, ముందుగా చిన్న కంపములు పెక్కు వచ్చెను. అధికారులు హెచ్చరింపగా అనేకులు ఇండ్లు విడిచి బ్రదికిరి. లోకము ఇక రహస్యము తెలిసెననుకొనెను. మరుసటి యేట, 1976 జూలై 28వ తేదీ తెల్లవారుజామున, ఆ దేశముననే తాంగ్‌షాన్ నగరము కూలెను. అచట అట్టి పూర్వకంపములు రాలేదు. ప్రభుత్వ లెక్కనుబట్టియే రెండు లక్షల నలుబది వేలకు పైగా జనులు మడిసిరి. ఒకమారు ఫలించిన సూచన రెండవమారు ఫలించునను నియమము లేదు.

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయమున ములుగు ప్రాంతమున భూమి కంపించి, రెండు తెలుగు రాష్ట్రములలోను పెక్కుచోట్ల తెలిసినది. అట్టివేళ నేడు రేయి మరల వచ్చునని ఎవరైన పలికిన, ఊరంతయు వీధిన పడును. అది పలికిన వానిని, ఏ స్థలమున, ఏ దినమున, ఎంత బలముతో అని యడుగుడు. ప్రపంచమున ఆరు ప్రమాణమునకు మించిన కంపములు ఏటా నూరుకు పైగా వచ్చుచున్నవి. ఎక్కడనో ఒకచోట వచ్చునన్న మాట ఎప్పుడును తప్పదు, ఎవరికిని పనికిరాదు. పెద్దదాని తరువాత చిన్న కంపములు వచ్చుట మాత్రము సహజము. కావున బీటలువారిన యింట పండుకొనవలదని చెప్పుట వివేకమే.

1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారకముందే మహారాష్ట్రమున కిల్లారి కూలినపుడు నిద్రించుచున్న జనులను చంపినవి బురదతో పేర్చిన దళసరి రాతిగోడలు, బరువైన మట్టికప్పులు. భూమి ఏనాడు కదలునో యే పండితుడును చెప్పలేడు. కదలిన ముందుగా నే గోడ పడునో మన యూరి తాపీమేస్త్రీ నేడే చెప్పగలడు. పెద్దలు అతనిని పిలిచి, బడిగోడతో మొదలుపెట్టి, ఇంటింట చూపింపవలెను.