అక్వేరియంలో నీటి కలక

కొత్తగా అమర్చిన అక్వేరియంలో నీరు పలుచని పాలవలె తెల్లబారడాన్ని, తెల్లని నలుసులు తేలడాన్ని నీటి కలక అంటారు. ఇది సాధారణంగా మొదటి రెండు వారాలలో కనిపిస్తుంది. చూడటానికి వికారంగా ఉన్నప్పటికీ చేపల మరణాలకు ముఖ్య కారణం ఈ కలక కాదు, అదే సమయంలో కంటికి కనిపించకుండా పెరిగే అమ్మోనియా.

కారణాలు

నీరు నింపిన కొద్ది గంటలలోనే వచ్చే కలక చాలావరకు సరిగా కడగని ఇసుక, గులకరాళ్ళ ధూళి. ఇది ఒకటి రెండు రోజులలో అడుగుకు చేరుతుంది. కొన్ని రోజుల తరువాత మొదలయ్యే పాలవంటి కలకకు కారణం బాక్టీరియా. మిగిలిన మేత, చేపల విసర్జనలు, కుళ్ళిన ఆకులను ఆహారంగా చేసుకొని ఇవి నీటిలో విపరీతంగా వృద్ధి చెందుతాయి. కోట్ల సంఖ్యలో చేరిన కణాలు కాంతిని చెదరగొట్టడం వలన నీరు తెల్లగా కనబడుతుంది. ఆహారం తగ్గిన తరువాత నీరు దానంతట అదే తేటపడుతుంది. నీరు ఆకుపచ్చగా మారితే అది నాచు వలన కలిగిన కలక, దాని సంగతి వేరు.

అమ్మోనియా

చేపలు విసర్జించే అమ్మోనియాను నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు నైట్రైటుగా, మరికొన్ని నైట్రేటుగా మారుస్తాయి. ఈ రెండవ పని నైట్రోబాక్టర్ చేస్తుందని చాలాకాలం భావించారు. మంచినీటి అక్వేరియంలలో ఆ పని ప్రధానంగా నైట్రోస్పైరా చేస్తున్నదని 1998లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. రెండు పనులనూ ఒంటరిగా చేయగల నైట్రోస్పైరా రకాలను 2015లో గుర్తించారు. ఇవి నిదానంగా పెరుగుతాయి కనుక తొట్టిలో స్థిరపడటానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. నీటిలో తేలడం కంటే ఫిల్టరు స్పాంజిని, గులకరాళ్ళను అంటిపెట్టుకొని ఉండటమే వీటి స్వభావం.

కలకను చూసి కంగారుపడి నీరంతా పారబోసి, స్పాంజిని కుళాయి కింద కడగటం తరచుగా జరిగే పొరపాటు. కుళాయి నీటిలోని క్లోరిన్ ఈ మేలుచేసే బాక్టీరియాను చంపుతుంది. కలక మళ్ళీ వస్తుంది, అమ్మోనియా కూడా పెరుగుతుంది. అమ్మోనియా విషప్రభావం నీటి క్షారతను బట్టి మారుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పీహెచ్ 7 ఉన్న నీటిలో విషపూరిత రూపం మొత్తంలో సుమారు 0.6 శాతం కాగా, పీహెచ్ 8 వద్ద సుమారు 5 శాతం. తేటగా ఉన్న నీటిలోనూ అమ్మోనియా ఉండవచ్చు కనుక పరీక్షా ద్రావణంతో కొలవడమే సరైన పద్ధతి.

తెల్లని నలుసులు

తెలంగాణ, రాయలసీమలలో అనేక చోట్ల బోరునీరు కఠినజలం. అటువంటి నీటిని వేడిచేసినపుడు కాల్షియం కార్బొనేటు తెల్లని పొడిగా విడివడి హీటరుపై, అద్దంపై పేరుకుంటుంది. దానిపై వెనిగర్ చుక్క వేస్తే నురగ వస్తుంది. నీటిలో ఉంచిన ఎండుకొయ్యపై పట్టే దూదివంటి పొర హానిలేనిది. అద్దంపై ప్రాకే సన్నని తెల్లని పురుగులు సాధారణంగా మేత ఎక్కువైనదనడానికి గుర్తు.

చేప శరీరంపై, రెక్కలపై ఉప్పురవ్వల వంటి చుక్కలు కనిపిస్తే మాత్రం అవి నీటిలోని నలుసులు కావు. అది ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ పరాన్నజీవి కలిగించే తెల్లమచ్చల వ్యాధి. దీనికి వెంటనే చికిత్స అవసరం.

నివారణ

మేత తగ్గించాలి. క్లోరిన్ తొలగించిన నీటితో తొట్టిలోని నీటిలో నాలుగవ వంతు మాత్రమే మార్చాలి. అమ్మోనియా ఎక్కువగా ఉంటే ఇలా ప్రతిరోజూ మార్చవచ్చు. స్పాంజిని తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండి కడగాలి. బాక్టీరియా ఆక్సిజన్‌ను వాడుకోవడం వలన చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంటే గాలిపంపును ఆపకుండా నడపాలి.