తాటాకు ఇల్లు (కృష్ణా డెల్టా)

తాటిదూలాలు, వాసాలతో చట్రం నిలిపి, పైన తాటాకు కప్పి కట్టుకునే ఇల్లు. కమ్మల ఇల్లు అని కూడా అంటారు. పూరిల్లు అనే మాట దీనికీ, వరిగడ్డి, రెల్లు కప్పిన ఇళ్ళకూ కలిపి వాడతారు. కొల్లేరు వైపు జమ్ము కప్పేవారు.

ఈ ఇంట్లో కప్పు బరువంతా రాటల మీదే ఉంటుంది. గోడ మరుగు కోసమే. ఎండాకాలం నెర్రెలిచ్చి, వానకు ఉబ్బే రేగడి నేలకు ఇది తగిన కట్టుబడి. మట్టిగోడ బీటలు వారినా, తడిక కుళ్ళినా కప్పు కదలదు, గోడ మళ్ళీ పెట్టుకుంటే సరి. నడుమ నిట్రాడు, దాని మీద వెన్నుదూలం, అక్కడి నుంచి చూరు దాకా వాసాలు, వాటికి అడ్డంగా వెదురు దబ్బలు. ముదురు తాడిచెట్టు మానులో గట్టిదనం అంచునే ఉంటుంది, లోపలంతా మెత్తన. అందుకే మానును నిలువునా చీల్చి, చేవ ఉన్న భాగాన్నే వాసాలకు తీస్తారు.

కొట్టిన ఆకును పేర్చి, బరువు పెట్టి చదును చేశాక నేత మొదలవుతుంది. పని చూరు దగ్గర మొదలై వెన్ను దగ్గర ముగుస్తుంది. పైన ఒకరు, లోపల ఒకరు. పైనున్నవాడు తాడు లోపలికి దూరుస్తాడు. లోపలివాడు దాన్ని దబ్బ చుట్టూ తిప్పి పైకి అందిస్తాడు. ఇలా కప్పిన ఆకు రెండు మూడేళ్ళు ఆగుతుంది. వాలు ఎక్కువ, చూరు ఎత్తు తక్కువ కాబట్టి వంగకుండా లోపలికి వెళ్ళడం కుదరదు. కొడవలి, గొడుగు, ఉత్తరాలు గుచ్చిన తీగ అన్నీ ఆ చూరులోనే. పడుకుంటే కంటికి కనబడేవి వాసాలే. 'తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం' అనే మాట పుట్టింది ఇలాంటి కప్పు కిందే కావచ్చు.

ఈ కట్టుబడి ఎంత పాతదో చెప్పే సాక్ష్యం రాతిలో ఉంది. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో క్రీస్తు పూర్వపు బౌద్ధులు కొండలో తొలిచిన గుండ్రటి చైత్యం లోకప్పుకు కొయ్యవాసాల్లాగే రాతి వాసాలు చెక్కారు. రాతికి వాసాల అవసరం లేదు. చెక్కినవాళ్ళ కళ్ళ ముందున్నది కొయ్య చట్రపు ఇల్లే అనుకోవాలి. కోస్తాలో కనిపించే చుట్టిల్లుది కూడా ఆ గుండ్రటి రూపమే.

దీనికి శత్రువులు రెండు. నిప్పు ఒకటి: ఎండలకు పెళుసెక్కిన ఆకుకు ఒక్క రవ్వ చాలు, గాలి తోడైతే వాడంతా బూడిదే. గాలివాన రెండోది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10,000 మంది చనిపోయారు. ఆ అలకు మట్టిగోడలు, తాటాకు కప్పులు నిలవలేదు. తర్వాత పక్కా ఇళ్ళు, తుపాను షెల్టర్లు వచ్చాయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. తాటాకు పోయిన చోట రేకులు, పెంకులు, శ్లాబులు చేరాయి. ప్రాణాల లెక్కలో ఇది మంచి మార్పే. మే నెల మధ్యాహ్నం రేకు కింద కూర్చున్నవారికి మాత్రం తాటాకు విలువ వేరే చెప్పక్కర్లేదు.

డెల్టా పల్లెల్లో మిగిలిన తాటాకు ఎక్కువగా పశువుల పాకల మీద, చేలగట్ల కాపలా గుడిసెల మీద ఉంది. కురిసే చోట పాత లారీ పట్టా కప్పి, అది ఎగిరిపోకుండా అరిగిన టైర్లు వేస్తారు.