పాలంపేట రామప్ప గుడి

దేవాలయములు సాధారణముగా అందలి దైవము పేరనో, కట్టించిన ప్రభువు పేరనో ప్రసిద్ధి కెక్కును. ములుగు జిల్లా పాలంపేటలోని రుద్రేశ్వరాలయమును మాత్రము జనులు రామప్ప గుడి యందురు. రామప్ప దానిని చెక్కిన శిల్పి యని ఐతిహ్యము. శాసనము చెప్పునది వేరొకరి పేరు: కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు శక సంవత్సరము 1135, అనగా క్రీ.శ. 1213లో ఇచ్చట శివప్రతిష్ఠ గావించెను.

ఈ గుడి గొప్పతనము మొదట బరువును పంచిన తీరునందున్నది. పునాది గోతిని ఇసుకతో నింపి, దానిపై సుమారు ఆరడుగుల ఎత్తున నక్షత్రాకారపు జగతిని లేపిరి. గోడలకు ఎఱ్ఱని ఇసుకరాయి. భారము మోయు స్తంభములకు, దూలములకు గట్టిరాయి. శిఖరమునకు మాత్రము రాతిని వాడక, నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలను పేర్చిరి. కాలక్రమమున నేల క్రుంగి లోపలి తలము మిట్టపల్లములైనది. దూలములు కొన్ని బీటవారినవి. అయినను ఎనిమిదివందల యేండ్లు దాటియు గుడి నిలిచియే యున్నది. ఆ శిఖరమును గూడ రాతితోనే కట్టియుండినచో ఏమగునో ఊహింపవచ్చును. శిల్పి పేరైనను జనుల నోట మిగిలినది. ఈ ఇటుకలు కాల్చిన వారి పేరు ఎచ్చటను లేదు.

ఇక చూపరులు కదలలేని చోటు మహామండపపు ద్వారములు. మూడు ద్వారములకు నాలుగేసి చొప్పున పండ్రెండు మదనికలు, నున్నని నల్లరాతిలో చూరు క్రింద ఏటవాలుగా నిలిచియున్నవి. ఒకతె సర్పములను దాల్చిన నాగిని. వేరొకతె కాలికి ఎత్తుమడమల పాదరక్షలు. లోపలి స్తంభములపై నర్తకులును, మద్దెల వాయించువారును వరుసలు తీరియున్నారు. గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని రచించిన నృత్తరత్నావళిని చూచి ఈ భంగిమలను చెక్కిరని కొందరందురు. ఆ గ్రంథము 1253-54 నాటిది. గుడి దానికి నలువదేండ్లు పెద్దది. కావున జాయపకు పూర్వమే ఈ నాట్యము దేశమున ఆడబడుచుండెననుటయే యుక్తము.

2021 జులైలో యునెస్కో ఈ ఆలయమును ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. చూడబోవువారు గుడితోనే మరలిరాక, సమీపముననే యున్న చెరువుకట్ట వరకు నడువవలెను. గుడి కట్టించిన రుద్రుడే ఆ చెరువును త్రవ్వించెను. దాని ఆయకట్టున నేటికిని వరి పండుచున్నది.