స్టాంపులో జాగా చాలదంట

2022లో జిల్లా మారాక మా బడికి కొత్త రబ్బరు స్టాంపు కావాల్సి వచ్చింది. 'తూర్పు గోదావరి జిల్లా' అని ఉన్న పాత స్టాంపు ఇంక పనికిరాదు. మా హెడ్మాస్టరు గారు అమలాపురంలో చేయించుకొచ్చి, ఇంకుప్యాడు మీద అద్ది, తెల్లకాగితం మీద గుద్ది చూపించారు. బడి పేరు, ఊరు, మండలం, కింద 'కోనసీమ జిల్లా'. అంతే.

"మాస్టారూ, జిల్లా పేరు సగమే ఉందండి" అన్నాను.

"జాగా చాలదన్నాడయ్యా స్టాంపులోడు. అయినా అందరికీ తెలిసిందే కదా" అన్నారు.

మా బడికి స్థలం ఇచ్చిన పెద్దాయన పేరు ఉంది. ఇంటిపేరుతో, 'గారి'తో సహా అదే రెండు లైన్లు పట్టింది. దానికి జాగా చాలింది. 'డా. బి.ఆర్. అంబేద్కర్' అన్న నాలుగు ముక్కలకి చాల్లేదు. ఆ రోజు నేను గట్టిగా మాట్లాడలేదు. ఉద్యోగంలో చేరి ఎనిమిదేళ్ళయినా మా స్టాఫ్‌రూములో నేను మాట్లాడే ముందు ఇప్పటికీ రెండుసార్లు ఆలోచించుకుంటాను. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నెలజీతం ముట్టినవాణ్ణీ మొదట నేనే. పోగొట్టుకుంటానన్న భయం కూడా నాతోనే మొదలైంది.

కోనసీమ అనగానే మీకేం గుర్తొస్తుంది? కొబ్బరితోటలు, గోదారి మీద పడవ, ఆత్రేయపురం పూతరేకులు, కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభలు. సినిమావాళ్ళు తీసుకెళ్ళే బొమ్మ అదే. ఆ బొమ్మలో కొబ్బరిచెట్టు ఉంటుంది గానీ, చెట్టు కింద కాయలు ఒలిచి గోళ్ళు పోగొట్టుకున్న మా అమ్మ ఉండదు. మా పేట ఉండదు. మాది అమలాపురానికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. ఊరంటే ఊరు కాదు, కాలవ దాటాక దక్షిణాన ఉన్న పేట.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాకి కాలవ నీళ్ళొచ్చాయని పాఠంలో చెబుతాం. నేనూ చెబుతాను. భూమి ఉన్నవాడికి నీళ్ళొచ్చాయి, లేనివాడికి పనొచ్చింది అని మా తాత అనేవాడు. ఆయన చిన్నప్పట్నుంచీ పాలేరు. కాటన్ దొర ఫొటోకి దణ్ణం పెట్టే ఇళ్ళలోనే జీతం చేశాడు. 1996 నవంబరు 6 తుఫానుకి మా పేట పాకలన్నీ లేచిపోయాయి. అప్పుడు నాకు ఏడేళ్ళు. పడిపోయిన కొబ్బరిచెట్లు లెక్కరాసుకుంటూ ఆఫీసర్లు మా పక్కనుంచే వెళ్ళారు. చెట్టే లేనివాడికి ఏం రాసుకుంటారు?

నాకు చరిత్ర నేర్పింది కాలేజీ కాదు, మా బడి ఇనప బీరువా. అందులో చెదలు తినగా మిగిలిన పాత అడ్మిషన్ రిజిస్టర్లున్నాయి. మధ్యాహ్నం పిల్లల భోజనాలయ్యాక వాటిని తిరగేయడం నాకు అలవాటైంది. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, కులం, వృత్తి. తండ్రి పేరు గడిలో కొందరికి చివర 'గారు' ఉంటుంది. మావాళ్ళకి 'గాడు' ఉంటుంది. అదీ గుండ్రటి దస్తూరితో, ముత్యాల్లాంటి అక్షరాల్తో. రాసిన మాస్టారికి అది తిట్టనిపించి ఉండదు. అలా రాయడమే పద్ధతి అనుకుని ఉంటాడు.

కులం గడి ఇంకా వింతగా ఉంటుంది. పాత పేజీల్లో 'ఆది ఆంధ్ర'. కొన్నేళ్ళ తర్వాతి పేజీల్లో 'హరిజన'. ఆ తర్వాత 'షె.కు.', ఇంకా తర్వాత 'ఎస్.సి.'. మనుషులు వాళ్ళే, పేట అదే, ఇంటిపేర్లూ అవే.

వీటిలో 'ఆది ఆంధ్ర' ఒక్కటే మావాళ్ళు తమకు తాము పెట్టుకున్నది. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచిన సభకి భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. మేం అయిదో కులం కాదు, ఈ నేలకి మొదటివాళ్ళం అని ఆ సభ పేరునే ఆది ఆంధ్ర మహాజన సభగా మార్చేశారు. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆ మాటని రికార్డుల్లోకి తీసుకుంది. అంటే నూరేళ్ళ కిందటే మావాళ్ళు ఒక పేరు కోసం కొట్లాడి గెలిచారు. ఆ తర్వాత గాంధీగారు హరిజన అన్నాడు. ఎవరూ మమ్మల్ని అడగలేదు. మా తాత 'హరిజనుడు' అనిపించుకోవడానికి చచ్చేదాకా ఇష్టపడలేదు. "దేవుడి పిల్లలమైతే గుడి బయటెందుకురా నిలబెట్టేరు?" అనేవాడు. మా పేటకి ఆయనే మొదట అక్షరాలు వచ్చినవాడు. అవి చర్చిలో వచ్చాయి. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ అలలు మా కాలవ గట్టు దాకా వచ్చాయి మరి.

ఇక నా పేరు. చర్చిలో నేను దావీదుని. అయిదేళ్ళప్పుడు మా మామ్మ నన్ను బడికి తీసుకెళ్ళి అదే చెప్పింది. అప్పటి మాస్టారు కలం ఆపి, "ఈ పేరుంటే రేపు ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వరు ముసలమ్మా, పిల్లాడి బతుకు పాడవుద్ది" అన్నాడు. ఆయనే ఆలోచించి 'దుర్గారావు' అని రాశాడు. ఆయన మంచికే చెప్పాడని మా మామ్మ పోయేదాకా నమ్మింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతి నేను బి.ఇడి.లో చేరాక తెలుసుకున్నాను. హిందువుకే షెడ్యూల్డు కులమని రాసి, తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవుడైతే మాత్రం అంటు ఉండదంట! మా ఊళ్ళో టీ గ్లాసుకి ఆ సంగతి తెలీదు. ఇంట్లో దావీదుగా, బడిలో దుర్గారావుగా తిరిగే నాకు జిల్లా పేరు చిన్న విషయంలా ఎలా కనిపిస్తుంది?

రాజకీయాల్లో మాకు చోటు లేదని ఎవరూ అనలేరు. అమలాపురం పార్లమెంటు సీటు రిజర్వుడు. 2009 నుంచి అమలాపురం, రాజోలు, పి.గన్నవరం మూడు అసెంబ్లీ సీట్లూ రిజర్వుడే. ఎదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకరయ్యాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయిన రోజున మా పేటలో పొయ్యి వెలగలేదు. కాట్రేనికోన దగ్గరి కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం 1985లో కారంచేడు తర్వాత ప్రభుత్వ ప్లీడరు ఉద్యోగం వదిలేసి మాలో కలిసిపోయాడు. ఇంతమంది ఉన్నారు. అయినా రిజర్వుడు సీట్లో ఎవరు నిలబడాలో, గెలిచాక ఎవరి గుమ్మంలో నిలబడాలో పేటలో తేలదు. ఈ మాట మా వయసు కుర్రాళ్ళందరికీ తెలుసు. సీటు మాది, కుర్చీ వాళ్ళది.

2022 జనవరిలో కొత్త జిల్లాల ముసాయిదా వచ్చింది. ఎన్టీఆర్ జిల్లా, అల్లూరి సీతారామరాజు జిల్లా, అన్నమయ్య జిల్లా, శ్రీ సత్యసాయి జిల్లా అన్నీ అందులోనే ఉన్నాయి. మాది 'కోనసీమ' అని వచ్చింది. అంబేద్కర్ పేరు కోసం దండలు పట్టుకుని, దీక్షలు చేసి, అర్జీలు పెట్టి తిరిగాం. ఏప్రిల్ 4న 22 మండలాలతో జిల్లా ఆ పేరు లేకుండానే మొదలైంది. మే 18న పేరు కలుపుతూ ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలుంటే 30 రోజుల్లో చెప్పమన్నారు. తక్కిన మహానుభావుల పేర్లన్నీ గుంపులో వచ్చాయి. బాబాసాహెబ్ పేరొక్కటే ఒంటరిగా, ఎవరైనా కాదంటారా అని అడుగుతూ బజార్లోకొచ్చింది.

కాదన్నారు. మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు కాల్చారు. ఆయన దళితుడు. ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లూ కాల్చారు. ఆయన బి.సి. బస్సులు కాలాయి, పోలీసులకి దెబ్బలు తగిలాయి. ఇంటర్నెట్ ఆపేశారు. మా అక్క కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. మా అమ్మ కూడా నా చదువు కోసం పదేళ్ళు మస్కట్‌లో చేసొచ్చింది. కోనసీమ పేటల్లో గల్ఫ్ వెళ్ళని ఆడకూతురున్న ఇల్లు వెతుక్కోవాలి. అక్క ఫోన్లో మంటలు చూసింది. వాట్సప్ కలవదు. మామూలు కాల్ చేసే డబ్బుల్లేవు. రెండ్రోజుల తర్వాత పక్కింటి సేటు ఫోన్ అడుక్కుని చేసింది. "తమ్ముడూ, మన పేట ఉందా?" అంది. మొదటి మాట అదే. అమ్మ ఎలా ఉందని కాదు.

టీవీల్లో మాత్రం 'కోనసీమ ప్రజల ఆందోళన' అని వేశారు. మరి మేమెవరం? 2011లో ఇక్కడి రైతులు ఖరీఫ్‌కి పంట విరామం ప్రకటించినప్పుడూ ఇంతే. 'కోనసీమ చేతులెత్తేసింది' అన్నారు. రైతు కష్టం అబద్ధం కాదు, గిట్టుబాటు లేదు, నిజమే. కానీ ఊడ్పుల్లేక ఆ వానాకాలమంతా మా అమ్మ ఏం తిందో ఎవరూ అడగలేదు. కోనసీమ అనే మాటలో ఊరు ఉంది, పేట లేదు.

సెలవులయ్యాక స్టాఫ్‌రూములో మాటలు మొదలయ్యాయి. "అంబేద్కర్ అంటే మాకూ గౌరవమేనండి, కానీ కోనసీమ అన్న పేరులో ఉన్న అందం పోద్ది కదా" అంది ఒక మేడమ్. "ఆయన ఈ ప్రాంతం వాడు కాదు కదా" అన్నాడు ఇంకొకాయన. ఆయన బండి మీద కాటన్ దొర స్టిక్కరు ఉంది. కాటన్ ఏ లంకలో పుట్టాడో నేను అడగలేదు. ప్రకాశం పేరు, పొట్టి శ్రీరాములు పేరు జిల్లాలకి పెట్టినప్పుడు ఏ అందం పోయిందో కూడా అడగలేదు. మా పేట కుర్రాళ్ళు అడిగారు. వాళ్ళకి ఉద్యోగాల్లేవు, నోరుంది.

ఇది మనకే కొత్త కాదు. మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి బాబాసాహెబ్ పేరు పెట్టాలని మహారాష్ట్ర శాసనసభ 1978లో తీర్మానిస్తే, అక్కడి దళితవాడలు తగలబెట్టారు. పేరు మారడానికి 1994 జనవరి 14 దాకా పట్టింది. మారినప్పుడు కూడా మరాఠ్వాడా అన్న మాట తీయకుండా ముందు ఆయన పేరు చేర్చారు. మాకూ అదే లెక్క. 'కోనసీమ' ఎక్కడికీ పోలేదు, పక్కన ఒకాయన వచ్చి కూర్చున్నాడు. గొడవల్లా ఆ పక్కన కూర్చోవడం దగ్గరే. జూన్ 24న మంత్రివర్గం ఒప్పుకుంది, ఆగస్టులో తుది ఉత్తర్వు వచ్చింది. మరుసటి ఏడాది ఆ కేసులు ఎత్తేస్తామని అదే ప్రభుత్వం చెప్పింది. పేరూ వాళ్ళే ఇచ్చారు, కాల్చినవాళ్ళకి మాఫీ కూడా వాళ్ళే ఇచ్చారు.

మా అమ్మ దగ్గర నేను ఈ సంబరం చెబితే, "పేరు పెడితే కూలి పెరుగుద్దేంట్రా?" అంది. పెరగదు. కానీ ఆ మాటన్న మా అమ్మే మా పిన్ని కూతురి పెళ్ళికార్డు అచ్చుకిచ్చినప్పుడు, అచ్చుయంత్రం కుర్రాడు 'కోనసీమ జిల్లా' అని వేస్తే వెనక్కి పంపించింది. ఇప్పుడు పెళ్ళికార్డు చూస్తే చాలు, అడ్రసు చివర జిల్లా పేరు ఎంత ఉందో చూసి ఊరిదా పేటదా చెప్పేయొచ్చు. మా కార్డుల్లో పేరు మొత్తం ఉంటుంది, చీమల్లాంటి అక్షరాల్తోనైనా.

స్టాంపు సంగతి చెప్పలేదు కదా. నేనే అమలాపురం వెళ్ళి రెండువందల ఇరవై రూపాయలిచ్చి ఇంకోటి చేయించాను. జాగా చాలింది. స్టాంపు కొట్టుకి కావాల్సింది కాస్త చిన్న అక్షరం, అంతే. హెడ్మాస్టరు గారు ఏమీ అనలేదు. రెండు స్టాంపులూ ఒకే సొరుగులో ఉంటాయి. ఆయన చేతికి ఆయనది తగులుతుంది, నా చేతికి నాది.

ఇంకొక మాట రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మా పేటకి అవతల, శ్మశానం దాటాక మాదిగపేట ఉంది. పేరు కోసం జరిగిన ఊరేగింపులో డప్పు వాళ్ళదే, మైకు మాది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ చేసుకోవచ్చని సుప్రీంకోర్టు తీర్పిచ్చినప్పుడు మా పేటలో కోపం, వాళ్ళ పేటలో మిఠాయిలు. 2025లో మన రాష్ట్రంలో అది అమల్లోకి వచ్చాక ఆ పేటనుంచి ఒక పెద్దాయన మనవరాల్ని బడిలో వేయడానికొచ్చాడు. నేను దరఖాస్తు నింపుతుంటే గోడ మీద జిల్లా పటం చూసి అన్నాడు:

"మేస్టారూ, జిల్లాకి మంచి పేరే పెట్టించుకున్నాం. మీ పేటకి అంబేద్కర్ కాలనీ అని రోడ్డు మీద బోర్డుందండి. మా పేటకి ఇప్పటికీ 'ఆ అవతల' అనే అంటారు మీవోళ్ళు. మాకో బోర్డు ఎప్పుడండి?"

నాకు తల ఎత్తి చూడటానికి కొంచెంసేపు పట్టింది. ఏం పేరు పెట్టమంటారని అడిగాను. పేటలో కూర్చుని అనుకుని చెబుతామన్నాడు. మనవరాలి పేరు అడిగి, ఆయన ఎలా పలికాడో అలాగే రాశాను. పంచాయతీకి అర్జీ కూడా రాశాను. పేరు కోసం వదిలిన ఖాళీ గడి ఇంకా అలాగే ఉంది, వాళ్ళు తేల్చుకుంటున్నారు.